మెర్విన్ టెష్ కోసిన నొగ

ఆ బుధవారం పొద్దున మెర్విన్ టెష్ కాఫీ కూడా తాగకుండా షెడ్డులోకి వెళ్లి, భార్య ట్రైలర్ నొగ కోసేశాడు.

పావుగంట పని. ట్రైలర్‌ని ట్రక్కు వెనక తగిలించడానికి ముందువైపు పొడుచుకొచ్చే ఇనప త్రికోణాన్ని ఇక్కడివాళ్లు నాలుక అంటారు. ఎడ్లబండి చూసినవాళ్లకి అది నొగే. నొగ లేని బండి ఎక్కడికీ పోదు. మెర్విన్ కోసిన అంచుని రాపిడి చక్రం పెట్టి నున్నగా చేశాడు. నలభై ఏళ్లు నదిలో సరుకు మోసే బార్జీల మరమ్మతు యార్డులో వెల్డరుగా చేసినవాడు, ఎవరూ చూడని చోట కూడా గరుకు వదల్లేడు. తర్వాత ఆ నొగని గోడకి రెండు మేకుల మీద వేలాడదీసి, కాసేపు చూసి, టార్పాలిన్ కప్పాడు. ఆ షెడ్డులో వెల్డింగ్ మిషన్ మీద కూడా టార్పాలిన్ ఉండదు.

ఆ సమయానికి అతని భార్య ఆర్డిస్, తుంటి ఎముకకి ఆపరేషనై, పక్క ఊరి పునరావాస కేంద్రంలో నడక నేర్చుకుంటోంది. మార్చి నెలాఖరులో, మంచు అయిపోయిందని అందరూ అనుకున్నాక, చర్చి మెట్ల మీద గాజుపెంకులా మిగిలిన ఐసు మీద కాలు జారింది. చేతిలో బంగాళాదుంపల పళ్లెం ఉంది. పళ్లెం పగల్లేదని పరామర్శకి వచ్చినవాళ్లందరికీ తనే చెప్పింది.

హాగెన్స్ లాండింగ్ మిసిసిపీ ఒడ్డున, విస్కాన్సిన్ వైపు ఉన్న ఊరు. ఇక్కడ నది ఒక నది కాదు, పదిహేను పాయలు. ప్రతి ఇంటికీ ఏదో ఒక పడవ ఉంటుంది, ఎక్కువ ఇళ్లలో అది పాంటూన్. రెండు పొడుగాటి అల్యూమినియం గొట్టాలు, వాటి మీద ఓ చదునైన బల్ల, చుట్టూ కమ్మీలు, వెనక మోటారు. అందం లేదు, మునగడం కూడా లేదు. తన పాంటూన్ మీద ఓ గది ఉంటే ఎలా ఉంటుందని ముప్పై ఏళ్లుగా మెర్విన్ ఆలోచన. గది కట్టక్కర్లేదు, ఇంట్లోనే ఒకటి ఉంది. పదిహేనడుగుల క్యాంపింగ్ ట్రైలర్, ఆకుపచ్చ గీతతో, లోపల మంచం, పొయ్యి, బల్ల, చిన్న ఫ్రిజ్జు. తేలిక. ఇబ్బంది ఒక్కటే, అది అతనిది కాదు. ఆర్డిస్ తండ్రి ఆమెకి వదిలివెళ్లింది.

ఆ తండ్రి సైన్యంలో ఉండగా కొన్నాళ్లు న్యూమెక్సికోలో పనిచేశాడు. అక్కడ తెల్ల ఇసుక ఎడారి ఉందనీ, మండువేసవిలో కూడా ఆ ఇసుక మీద ఉత్తకాళ్లతో నిలబడితే చల్లగా ఉంటుందనీ చెప్పేవాడు. ఇంట్లో ఎవరూ నమ్మలేదు. చూపిస్తానని ట్రైలర్ కొన్నాడు. జింకల వేటకి తప్ప దాన్ని ఎక్కడికీ తీసుకెళ్లకుండానే పోయాడు. ఆర్డిస్ స్కూలు వంటశాలలో పనిచేసినన్నాళ్లూ ప్రతి వేసవిలోనూ ఆ ఎడారి ప్రస్తావన తెచ్చేది. మెర్విన్ ప్రతిసారీ వచ్చే ఏడు చూద్దాం అనేవాడు. చివరికి ఇద్దరూ రిటైరయ్యారు, చెప్పడానికి సాకు మిగల్లేదు. అక్టోబరులో వెళ్దామని ఒప్పుకున్నాడు. జనవరిలో ఆర్డిస్ టైర్లు కూడా మార్పించింది. మార్చిలో పడింది.

మెర్విన్‌కి మొదటిరోజు నిజంగానే దుఃఖం కలిగింది. రెండోవారానికి దుఃఖం పక్కనే ఇంకోటి వచ్చి కూర్చుంది. ఇంక ఆమె అంతదూరం ఎలాగూ వెళ్లలేదు. ట్రక్కు ఎక్కడం, దిగడం, రోజంతా కూర్చోవడం. అదే నీళ్ల మీదైతే, ఇంటికి దగ్గర్లో, తన మంచం మీద తను పడుకుని నది చూస్తూ ఉండొచ్చు. ఈ ముక్కని మనసులో తిప్పితిప్పి నున్నగా చేసుకున్నాడు. చివరికి అది అచ్చంగా ఆమె కోసమే పుట్టిన ఆలోచనలా కనబడింది.

అడిగాడు కూడా. అది అబద్ధం కాదు. ఏప్రిల్లో ఓ మధ్యాహ్నం, నొప్పి మాత్రల మత్తులో ఉన్న ఆర్డిస్ మంచం పక్కన కూర్చుని, ట్రైలర్‌ని పాంటూన్ మీద పెడితే ఎలా ఉంటుందంటావు అన్నాడు. ఆమె కిటికీలోంచి చూస్తూ, "పెట్టుకుంటే పెట్టుకోవచ్చు" అంది.

మెర్విన్ లేచి కోటు తీసుకున్నాడు.

దీని బరువు తెలియాలంటే ఇక్కడి మర్యాద తెలియాలి. ఈ నదీతీరంలో ఎవరింటికి వెళ్లినా కాఫీ ఇవ్వమంటారా అని అడుగుతారు. వద్దంటాం. మళ్లీ అడుగుతారు. ఎందుకండీ శ్రమ అంటాం. మూడోసారి అడిగితే, చేసి ఉంటే సగం కప్పు చాలంటాం. కాఫీకే మూడుసార్లు. ఆడపిల్లకి తండ్రి మిగిల్చిన ట్రైలర్ విషయంలో ఎన్నిసార్లు అడగాలో ఎవరూ చెప్పక్కర్లేదు. మొదటి జవాబు జవాబు కాదు, తలుపు తీసిన చప్పుడు. మెర్విన్ ఈ ఊళ్లోనే పుట్టాడు. రెండోసారి అడిగితే ఆమె ఏమంటుందో తెలుసు కాబట్టే ఆ గదిలో ఇంకో నిమిషం ఉండలేదు.

పని మొదలయ్యాక షెడ్డుకి వచ్చే ఒకే ఒక్క మనిషి ఆర్లో స్కార్. పడవల రేవు దగ్గర ఎరల కొట్టు నడుపుతాడు, వానపాముల డబ్బాలు, చిరుచేపలు అమ్ముతాడు, సలహాలు ఊరికే ఇస్తాడు. గాలివానకి విరిగిన ఎవరిదో పడవ నుంచి మూడో గొట్టం సంపాదించిపెట్టింది అతనే. రెండు గొట్టాల మీద ట్రైలర్ పెడితే బల్ల నీళ్లకి మరీ దగ్గరవుతుంది. మూడోది మధ్యలో బిగించాలి. ఆర్లో బకెట్ బోర్లించి దానిమీద కూర్చుని అంతా చూసి, ట్రైలర్‌ని వెనక్కి తిప్పి పెట్టరాదా అన్నాడు. నొగ మోటారు పైన గాల్లో వేలాడుతుంది, ఎవరికీ అడ్డం ఉండదు, కోసే పనే లేదు.

మంచి సలహానే. కాని అలా పెడితే ట్రైలర్‌కున్న పెద్ద కిటికీ మోటారు వైపు వస్తుంది. మెర్విన్ మనసులో ముప్పై ఏళ్లుగా ఉన్న కిటికీ నది వైపుంది. వద్దన్నాడు.

కనీసం ఓ అడుగు వదిలి కొయ్యవయ్యా, రేపెప్పుడైనా బోల్టులేసి పొడిగించుకోవచ్చు అన్నాడు ఆర్లో.

చుక్కాని కుర్చీకి చోటు చాలదన్నాడు మెర్విన్. మొదలంటా కోశాడు.

కోసిన మర్నాడు ఎప్పటిలాగే రూబార్బ్ అనే పుల్లకాడలు పెట్టి కాల్చిన తీపి రొట్టె ముక్క కట్టించుకుని పునరావాస కేంద్రానికి వెళ్లాడు. ఆర్డిస్ గదిలో లేదు. కసరత్తుల హాల్లో ఉంది. నేలమీద వెడల్పాటి తొట్టి, అందులో ఇసుక. ఆమె చెప్పులు విప్పి, నడక చట్రం పట్టుకుని, ఇసుకలో ఒక్కో అడుగూ వేస్తోంది. పక్కన నిలబడ్డ భారీ మనిషి, ఆమెకి కసరత్తులు నేర్పేవాడు, మెర్విన్‌ని చూసి నవ్వాడు. మామూలుగా జనం మెట్లు ఎక్కితే చాలంటారు, మీ ఆవిడ మొదటిరోజే ఇసుక కావాలంది అన్నాడు. అక్టోబరు నాటికి ఎడారికి తయారుచేస్తాననీ, సాధ్యమేననీ చెప్పాడు. ఆ తర్వాత, "బండి తోలేది మీరే కదా?" అని అడిగాడు.

ఆర్డిస్ తలెత్తి చూసింది. నుదుటి మీద చెమట, ముఖంలో చిన్నపిల్ల గర్వం.

"అవును" అన్నాడు మెర్విన్.

ఆ రోజు ఇంటికొచ్చి పని ఆపేస్తే ఈ కథ ఇక్కడితో సరి. ఆపలేదు. కోసేశాను కదా, కోసింది అతుక్కుంటుందా అనుకున్నాడు. నలభై ఏళ్లు అతికించడమే బతుకుగా బతికినవాడు అనుకోవలసిన మాట కాదది. పైగా వేగం పెంచాడు. చక్రాలు, ఇరుసు ఊడదీసి పలకల కింద దాచాడు. ఫ్రిజ్జూ పొయ్యీ ఒకే వైపున్నాయి కాబట్టి పడవ ఒరక్కుండా రెండోవైపు బ్యాటరీలు పెట్టాడు. వెనక మోటారు బరువుకి సరిపడా ట్రైలర్‌ని ముందుకి జరిపి బిగించాడు. లోపలి వస్తువులు మాత్రం ఒక్కటీ కదపలేదు. ఆర్డిస్ తండ్రి కాఫీ కెటిల్ కొక్కేనికి, చీటీపేకలు సొరుగులో, పాత కర్టెన్లు కిటికీలకి. తప్పుచేసినవాడు మిగతావన్నీ సరిగ్గా ఉంచుతాడు.

జూన్ మొదటి వారంలో నీళ్లలోకి దించాడు. రేవులో నలభైమంది చేరారు. పడవ తేలింది, బల్ల అంగుళం కూడా వంగలేదు. అందరూ చప్పట్లు కొట్టారు. తర్వాత గాలి వచ్చింది. ట్రైలర్ గోడకి తగిలి ఇల్లంతా తెరచాపలా పక్కకి కొట్టుకుపోవడం మొదలుపెట్టింది. మెర్విన్ ఎటు తిప్పినా అది అవతలి ఒడ్డున ఉన్న అయోవా వైపే పోతానంది. "కెప్టెన్, అక్కడ ఇంటి పన్ను తక్కువట, పోనీయ్" అని ఒడ్డునుంచి ఆర్లో అరిచాడు. ఆ రోజు నుంచి ఊళ్లో అతని పేరు కెప్టెన్.

నేను పనిచేసే ఊరి వారపత్రికలో మొదటి పేజీ అడుగున ఫోటో వేశాం. ఈ పడవ ఎవరి కోసమని అడిగితే మెర్విన్ కాస్త ఆలస్యంగా, ఆర్డిస్ కోసం అన్నాడు. అలాగే రాశాం. 'భార్య కోలుకోవడానికి నీటిపై ఇల్లు.' ఆ వారం ఆ ఫోటోకి వచ్చినన్ని ఫోన్లు మేయరు ఎన్నికకి కూడా రాలేదు.

రెండో వారంలో ఆర్డిస్ ఇంటికొచ్చింది. చేతికర్రతో వంటింటి కిటికీ దగ్గర నిలబడి షెడ్డు వైపు చూసింది. నీకోటి చూపించాలి అన్నాడు మెర్విన్. చూపించు అంది.

రేవులో దిగి చూసింది. చాలాసేపు చూసింది. "వేరుగా ఉంది" అంది. నచ్చలేదని పైకి అనలేక ఇక్కడ కొత్త కోడలి జుట్టు రంగు గురించీ, పాస్టరుగారి పాట గురించీ ఈ మాటే అంటారు. మెర్విన్ చెయ్యి పట్టి ఎక్కించాడు. పాయలోకి తీసుకెళ్లి లంగరు వేసి, పెర్చ్ చేపలు వేయించి, రై రొట్టెతో పెట్టాడు. ఆమె రెండు ముక్కలు తింది, ఉప్పు సరిపోయిందంది. పెద్ద కిటికీలోంచి నది చూసింది. తర్వాత, ఉప్పు డబ్బా ఎక్కడుందని అడిగినంత మామూలుగా, నొగ ఎక్కడుందని అడిగింది.

షెడ్డులో ఉందన్నాడు.

ఓహో అంది.

అంతే. ఆ వేసవంతా ప్రతి శుక్రవారం ఆర్డిస్ పడవెక్కింది. చేపలు తింది, పేకాడింది, గెలిచింది. జనం చేతులూపితే తనూ ఊపింది. ఒక్క మాట అనలేదు. మెర్విన్ సన్నబడ్డాడు. ఆర్లో కొట్టు దగ్గర కూర్చుని, ఆవిడ తిడితే బాగుండు అన్నాడు ఓసారి.

"ఇంతకీ ఆవిణ్ని అడిగే చేశావా?" అన్నాడు ఆర్లో.

"అడిగాను."

"ఎన్నిసార్లు?"

మెర్విన్ చిరుచేపల తొట్టిలోకి చూస్తూ కూర్చున్నాడు. ఆ రోజు ఆర్లో అతనికి ఎరలు ఊరికే ఇచ్చాడు, చావింట్లో పూలిచ్చినట్టు.

ఆర్డిస్ మాత్రం రోజూ పొద్దున్నే కరకట్ట మీద నడుస్తోంది. మొదట ధాన్యం గోదాముల దాకా, తర్వాత రైలు గేటు దాకా. ఆగస్టులో చేతికర్ర లేకుండా. పక్కన ఆమె చెల్లెలు వెర్లా నడిచేది. ఇరవై ఆరేళ్లు స్కూలు బస్సు తోలిన మనిషి, నోరు బస్సు హారన్. ఓ పొద్దున వెర్లా నేరుగా షెడ్డులోకి వచ్చింది. అక్క అక్టోబరుకి తయారవుతోందని నీకు తెలుసా అని నిలదీసింది. తెలుసన్నాడు. ఎప్పట్నుంచి తెలుసని అడిగింది. చెప్పాడు. వెర్లా గోడవైపు వెళ్లి టార్పాలిన్ ఎత్తి చూసింది, మళ్లీ కప్పింది.

"మెర్వ్, నువ్వు తాగుబోతువైనా బాగుండేది. అప్పుడు అక్క, తాగి చేశాడులే అని సరిపెట్టుకునేది" అంది.

ఆ శుక్రవారం పడవ మీద మెర్విన్ చేపలు వేయించలేదు. ఆర్డిస్ పేకలు కలుపుతుంటే ఎదురుగా కూర్చుని చెప్పాడు.

"నేను ఒక్కసారే అడిగాను."

"తెలుసు" అంది. "నేను రెండోసారి కోసం కాచుకున్నాను. నువ్వు కోటు తీసుకున్నావు."

ఇసుక తొట్టి చూశాక కూడా పని ఆపలేదని చెప్పాడు. ఆమె పేకలు పంచడం ఆపలేదు. పడవ సంగతి తనకి అక్కడ ఉండగానే తెలిసిందని, మధ్యాహ్నం భోజనాల బల్ల మీద పేపర్లో చూశానని చెప్పింది. బల్ల చుట్టూ ఉన్నవాళ్లంతా ఎంత అదృష్టవంతురాలివో అన్నారట. ఒకామె ఏడ్చిందట కూడా.

"నువ్వు తీసుకోవడం సరే, మెర్విన్. నీకు కావాలి, తీసుకున్నావు. నాకోసం అని పేపర్లో ఎందుకు వేయించావు? వాళ్లందరికీ నేను థాంక్స్ చెప్పాల్సొచ్చింది."

నొగ మళ్లీ అతికిస్తానన్నాడు మెర్విన్.

"అతికించిన నొగ పెట్టి రోడ్డెక్కుతావా నువ్వు?"

ఈ ఒక్క విషయంలో మెర్విన్‌కి అబద్ధం రాదు. మొదలంటా కోసింది, అతుకు పట్టేందుకు మిగిలిందేం లేదు. హైవే మీద ఆ అతుకు మీద మనిషిని కూర్చోబెట్టనన్నాడు. కొత్త చట్రం చేయాలి, ట్రైలర్ కిందంతా ఈ చివర నుంచి ఆ చివర దాకా.

"అయితే చెయ్యి" అంది ఆర్డిస్. పేకముక్కలు చూసుకుని, మొదటి ఎత్తు తనే వేసింది.

సెప్టెంబరు మొదట్లో వచ్చే కార్మిక దినం సెలవు దాటగానే ట్రైలర్‌ని పడవమీంచి దించారు. ఆర్లో ఎండుగడ్డి మోపులెత్తే యంత్రం తెచ్చాడు. రేవులో ఈసారీ జనం చేరారు. ఇది ఎక్కడికి కెప్టెన్ అని ఎవరో అడిగారు. మెర్విన్ అందరికీ వినబడేలా, ఇది ఆర్డిస్‌ది, నేను అడక్కుండా తీసుకున్నాను, తిరిగిచ్చేస్తున్నాను అన్నాడు. ఈ ఊళ్లో అలా మాట్లాడరు. జనం బూట్లు చూసుకున్నారు. ఒకాయన వాతావరణం గురించి ఏదో అన్నాడు. అందరూ ఊపిరి పీల్చుకున్నారు.

పాత యార్డు నుంచి ఇనుము తెచ్చి మెర్విన్ మూడు వారాలు పనిచేశాడు. అవసరమైనదానికి రెట్టింపు మందం పెట్టాడు. ఆర్లో చూసి, దీంతో బార్జీ లాగొచ్చన్నాడు. ఇరుసు బిగించి, జనవరిలో ఆర్డిస్ వేయించిన టైర్లే మళ్లీ ఎక్కించి, లోపల ఇసుక బస్తాలు నింపి, కొండదారిలో పైకీ కిందకీ తనే లాగి చూశాడు. ప్రతి మలుపు దగ్గరా దిగి అతుకులు తడిమాడు. ఒక్కచోటా జుట్టుపోగంత చీలిక లేదు.

ప్రయాణం దగ్గర పడ్డాక తన బట్టల సంచీ తీసి మంచం మీద పెట్టుకున్నాడు. ఆ సాయంత్రం వెర్లా తన ట్రక్కు తెచ్చింది. ట్రైలర్ తగిలించడం, లైట్ల తీగ కలపడం, గొలుసులు కట్టడం చూపించమంది. మెర్విన్ చూపించాడు. బస్సు తోలిన చేతులు, ఒక్కసారికే పట్టేసింది. ఆర్డిస్ వరండాలో నిలబడి చూసింది.

"వెర్లా తోలుతుంది" అంది. "పడవని ఐసు రాకముందే నువ్వు బయటికి తీయాలి కదా."

అవునన్నాడు. లోపలికెళ్లి సంచీని మళ్లీ బీరువాపైన పెట్టాడు.

అక్టోబరు రెండో సోమవారం పొద్దున అక్కాచెల్లెళ్లు బయల్దేరారు. పది రోజుల ప్రయాణం, పదమూడు వందల యాభై మైళ్లు పోవడం, అంతే రావడం. మెర్విన్ హైవే మలుపు దాకా ట్రైలర్ వెనకే నడిచి, బ్రేకు లైట్లు రెండూ వెలుగుతున్నాయని చూసుకుని వెనక్కొచ్చాడు. ఫ్రీజర్లో ఆర్డిస్ అతనికి పదిరోజుల భోజనం డబ్బాల్లో సర్దిపెట్టి వెళ్లింది.

తొమ్మిదోరోజు వెర్లా ఫోన్ చేసింది. కాన్సస్‌లో ఎదురుగాలి, బండి మాత్రం గీత గీసినట్టు వచ్చిందంది. అతుకులు చూశావా అన్నాడు మెర్విన్. చూశానంది. ఆర్డిస్ ఏదని అడిగాడు. బయట ఇసుకలో నడుస్తోందంది. ఇక్కడ ట్రైలర్ పెట్టుకునే చోటు వారం అద్దెకే నెలంతా ఇస్తున్నారట, నెలకే తీసుకున్నాం అంది.

మెర్విన్‌కి ఫ్రీజర్లో ఒక డబ్బా మిగిలి ఉంది.